తలూపి పలకరించే మనుషులు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విదేశాల్లో ఏళ్ల తరబడి ఉంటున్న పాఠకుల నుంచి ఈ మధ్య అందిన ఉత్తరాల్లో వీసాల గురించి, ఉద్యోగాల గురించి అడిగినవి తక్కువ. రోజు ఎలా గడుస్తోంది, ఎవరితో మాట కలుస్తోంది, ఏది చూస్తే మనసుకు హాయిగా ఉంటోంది అన్న విషయాలే ఎక్కువమంది రాశారు. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించి, రాసినవారి వివరాలు తొలగించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: ఉద్యోగరీత్యా విదేశానికి వచ్చి ఏడాది దాటింది. ఇంకా రెండేళ్లు ఉండాలి. ఒంటరిగా ఉంటున్నాను. పొద్దున నడకకు వెళ్తే కుక్కను వెంటబెట్టుకుని ఒక పెద్దాయన ఎదురవుతారు. ఆయన చెయ్యెత్తి పలకరించేలోపే ఆ కుక్క నన్ను దూరం నుంచి గుర్తుపట్టి, గొలుసు బిగిసేలా లాగుతూ నా వైపు వచ్చేస్తుంది. నేను ఒకరోజు కనిపించకపోతే బస్సు డ్రైవరు మర్నాడు "నిన్న రాలేదేం?" అని అడుగుతాడు. గ్రంథాలయంలో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ నన్ను చూడగానే, నా పేరున పక్కన పెట్టిన పుస్తకం నేను అడగకముందే తీసి బల్ల మీద ఉంచుతారు. ఇవన్నీ ఆ క్షణానికి ఎంతో బాగుంటాయి. కానీ రాత్రి గదికి వచ్చి తలుపు వేసుకున్నాక, వీళ్లలో ఒక్కరి ఫోన్ నంబరైనా నా దగ్గర లేదు కదా అనిపిస్తుంది. వీళ్లను చూసి నాకూ మనుషులున్నారని అనుకోవడం నన్ను నేను మభ్యపెట్టుకోవడమేనా?

జవాబు: కానే కాదు. మీ ఉత్తరంలో మీరు తక్కువ చేసి రాసిన భాగమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది. పరాయి దేశంలో ఎక్కువకాలం ఉండేవారికి ఇద్దరు ముగ్గురు ప్రాణస్నేహితులు ఎంత అవసరమో, చూడగానే గుర్తుపట్టి పలకరించే పది పదిహేనుమంది కూడా అంతే అవసరం. స్నేహితులు దొరికేదాకా వీళ్లతో సరిపెట్టుకుంటున్నాను అన్న లెక్కలో చూడడం వల్లనే మీకు రాత్రిళ్లు ఆ వెలితి కలుగుతోందని నా అభిప్రాయం.

ఇలాంటి చిన్న పరిచయాల మీద చాలాకాలంగా పరిశోధన చేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త జిలియన్ శాండ్‌స్ట్రమ్, తనకు ఈ ఆసక్తి ఎలా కలిగిందో స్వయంగా చెప్పారు. ఆమె టొరంటోలో చదువుకునే రోజుల్లో ఒక భవనం నుంచి మరో భవనానికి నడిచి వెళ్లే దారిలో, బండి మీద హాట్‌డాగ్‌లు అమ్మే ఒకావిడ ఉండేవారు. శాండ్‌స్ట్రమ్ ఆవిడ దగ్గర ఏమీ కొనేవారు కాదు. చూసి నవ్వేవారు, చెయ్యి ఊపేవారు, ఆవిడా తిరిగి ఊపేవారు. తోటి విద్యార్థులకన్నా వయసులో పెద్దదై, ఈ చదువులో తాను ఇమడగలనో లేదో అని సందేహపడుతున్న రోజుల్లో, ఆ పలకరింపు వల్ల తనకూ ఇక్కడ ఒక చోటుందని ఆమెకు ధైర్యం కలిగేది. తర్వాత ఆమె ఎలిజబెత్ డన్‌తో కలిసి చేసిన అధ్యయనాలు 2014లో వెలువడ్డాయి. వాటిలో ఒకదాని కోసం వాంకూవర్‌లో కాఫీ దుకాణానికి వచ్చినవారిలో కొందరిని కౌంటరు దగ్గర ఉన్న వ్యక్తి కళ్లలోకి చూసి, నవ్వి, రెండు మాటలు మాట్లాడమన్నారు. మిగతావారిని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా పని ముగించుకుని రమ్మన్నారు. బయటికి వచ్చేటప్పుడు ఎక్కువ ఉల్లాసంగా ఉన్నది మాట్లాడి వచ్చినవారే. మరో అధ్యయనంలో, రోజు మొత్తంలో ఎవరెవరితో ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టుకోమని కొందరికి చేతిలో పట్టే చిన్న లెక్కింపు యంత్రాలు ఇచ్చి చూస్తే, ముఖపరిచయం ఉన్నవారితో మామూలుకన్నా ఎక్కువసార్లు మాట కలిసిన రోజున అదే మనిషి మామూలుకన్నా సంతోషంగా ఉన్నట్టు తేలింది. కాబట్టి ఆ డ్రైవరు అడిగిన ఒక్క మాట వల్ల మీకు కలిగిన సంతోషం ఊహ కాదు, నిజమే.

ఈ పరిచయాలకు మరో మేలు కూడా ఉంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పేరుపొందిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించిన వారిని మీకు ఈ సంగతి చెప్పిన మనిషి ఎంత తరచుగా కలుస్తుంటాడని అడిగితే, తరచూ కలిసేవాడని చెప్పినవారు 17 శాతం లోపే ఉన్నారని రాశాడు. మిగతావారంతా అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవారి ద్వారానే ఆ కబురు విన్నారు. మన ఆప్తులకు తెలిసిన సంగతులు సాధారణంగా మనకూ తెలిసే ఉంటాయి. కొత్త సంగతి మరో వలయంలో తిరిగే మనిషి దగ్గర ఉంటుంది. కొత్త దేశంలో ఇది ఉద్యోగాలకే పరిమితం కాదు. ఏ పార్కులో వసంతకాలంలో పూలు ముందుగా పూస్తాయో, ఏ దంతవైద్యుడు ఓపికగా చూస్తాడో, ఏ దారిన వెళ్తే గాలి తక్కువగా కొడుతుందో మీకు చెప్పేది ఆ కుక్క యజమానే కావచ్చు.

ఇక స్నేహితుల మాట. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారి ఆరు నెలలు దాటనివారిని, కొత్తగా కళాశాలలో చేరినవారిని పరిశీలించి, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి ఇద్దరూ కలిసి గడిపే సమయం సుమారు 50 గంటలు, స్నేహితులమని చెప్పుకోవడానికి సుమారు 90 గంటలు, ఆత్మీయ స్నేహానికి 200 గంటలకు పైగా పడుతుందని అంచనా వేశారు. ఆ పనీ ఈ పనీ అని ఒకేచోట ఉన్న గంటలకన్నా, తీరికగా కబుర్లతో గడిపిన గంటలే ఎక్కువ లెక్కకు వచ్చాయి. రోజుకు అర నిమిషం పలకరింపుతో ఎవరూ ఆప్తమిత్రులు కారు, నిజమే. అందువల్ల ఏడాదిలో ఆప్తమిత్రుడు దొరకలేదని మీరు నిరాశపడనక్కరలేదు. ఆ గంటలు ఇంకా పోగుపడలేదు, అంతే. పోగుపడాలంటే ఎక్కడో ఒకచోట అర నిమిషాన్ని అరగంట చేయాలి. ముందుగా ఆ పెద్దాయన పేరు, కుక్క పేరు అడగండి. మర్నాడు పేరు పెట్టి పిలవండి. ఒక ఆదివారం ఆయన నడిచే వైపే మీరూ కాసేపు తిరిగి నడవండి. ఫోన్ నంబరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల మేం ఇక్కడికి వచ్చాం. మూడేళ్ల పాప ఉంది. నాకు మొహమాటం ఎక్కువ. ఇక్కడి భాష వచ్చు గానీ, ఎదుటివాళ్లు "మళ్లీ చెప్పండి" అంటే ప్రాణం పోయినట్టవుతుంది. పార్కులో పిల్లల్ని ఆడించడానికి వచ్చే తల్లులు రోజూ కనిపిస్తారు. వాళ్లది ఒక బెంచీ, నాది ఒక బెంచీ. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఎప్పుడైనా ధైర్యం చేసి రెండు మాటలు మాట్లాడినా, నా గురించి ఏమనుకున్నారో అన్న ఆలోచనతో రాత్రి నిద్ర పట్టదు.

జవాబు: చాలావరకు మీరు మొదలుపెట్టేశారు. రోజూ అదే వేళకు, అదే పార్కుకు వెళ్లి, అదే బెంచీ మీద కూర్చుంటున్నారు. అది చిన్న పని కాదు. అమెరికాలో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు 1992లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. చూడడానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు యువతుల్లో ఒకరిని ఒక కళాశాల తరగతికి 5 సార్లు, ఒకరిని 10 సార్లు, ఒకరిని 15 సార్లు పంపారు. నాలుగో యువతి అసలు వెళ్లలేదు. వెళ్లినవారు ఎవరితోనూ మాట్లాడలేదు, వచ్చి కూర్చుని పాఠం విని వెళ్లిపోయారు. పాఠాలన్నీ అయ్యాక విద్యార్థులకు నలుగురి ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవారి పట్లే వారికి ఎక్కువ ఇష్టం కలిగింది. మీరు నోరు విప్పకముందే ఆ ఎదుటి బెంచీవారికి మీరు కొంత దగ్గరయ్యారని నేను ధైర్యంగా చెప్పగలను. కాబట్టి మానకుండా వెళ్లండి, వేళ మార్చకండి. వారానికి ఒకరోజు రెండు గంటలు కూర్చోవడంకన్నా రోజూ ఇరవై నిమిషాలు కనిపించడం మేలు.

రాత్రి నిద్రపట్టనివ్వని ఆలోచన గురించి. ఎరికా బూత్‌బీ, మరి ముగ్గురు పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, అప్పుడే పరిచయమైన ఇద్దరిని మాట్లాడుకోనిచ్చి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా రెండు ప్రశ్నలు అడిగారు: అవతలి మనిషి మీకు ఎంత నచ్చారు, మీరు వారికి ఎంత నచ్చారనుకుంటున్నారు? దాదాపు ప్రతిచోటా మనుషులు తాము నిజంగా నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని అనుకున్నారు. ఒకే వసతిగృహంలో కలిసి ఉండే విద్యార్థుల్లో ఈ తప్పుడు అంచనా నెలల తరబడి కొనసాగింది. అవతలివారి మాట వింటున్నప్పుడు మనకు వారి మాటే వినిపిస్తుంది. మనం మాట్లాడినప్పుడు మాత్రం మన తడబాట్లన్నీ మనకే వినిపిస్తూ ఉంటాయి. ఆ తల్లి రాత్రి పడుకునే ముందు మీ ఉచ్చారణ గురించి ఆలోచించి ఉండదమ్మా. తాను అన్న మాట మీకు ఎలా తోచిందో అని ఆలోచించి ఉంటే ఉండవచ్చు.

"మళ్లీ చెప్పండి" అనడాన్ని కూడా మీరు తీర్పుగా తీసుకోవద్దు. వినే ఆసక్తి లేని మనిషి మర్యాదగా తలూపి తప్పుకుంటాడు. మళ్లీ చెప్పమన్నవాడు వినాలనుకుంటున్నాడు. రెండోసారి గొంతు పెంచకుండా, అదే మాటను ఇంకాస్త చిన్న వాక్యంగా, నెమ్మదిగా చెప్పండి. తొలి మాటగా ఏమనాలో కూడా మీరు కష్టపడి వెతుక్కోనక్కరలేదు, మీ ఇద్దరి కళ్ల ముందూ ఉన్నదాని గురించే మాట్లాడండి. పిల్లలు ఒకే జారుడుబల్ల దగ్గర నిలబడి వంతు కోసం చూస్తుంటే, "మీ బాబుకు ఎన్నేళ్లు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. దానికన్నా మంచిది చిన్న సహాయం అడగడం: ఇక్కడికి దగ్గర్లో పిల్లలకు కథలు చదివి వినిపించే గ్రంథాలయం ఉందా, వానాకాలంలో మీరు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు అని అడిగారనుకోండి, జవాబు చెప్పినవారికి మర్నాడు మిమ్మల్ని "వెళ్లారా?" అని అడిగే చనువు వస్తుంది.

ఎవరైనా చూసి చూడనట్టు తల తిప్పుకుంటే నొచ్చుకోకండి. చాలా నగరాల్లో అపరిచితుల్ని ఒక్క చూపు చూసి కళ్లు దించేయడం అవతలివారి ఏకాంతాన్ని గౌరవించే పద్ధతి. సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1963లోనే దీన్ని వివరించారు. పైగా చాలామంది మౌనంగా ఉండడానికి అవతలివారే మాట్లాడడం ఇష్టపడరన్న ఊహ కారణం. నికలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగోలో రోజూ రైళ్లలో, బస్సుల్లో ప్రయాణించేవారితో ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. పక్కన కూర్చున్న కొత్త మనిషితో మాట్లాడమని చెప్పినవారికి ప్రయాణం అందరికన్నా హాయిగా గడిచింది, ఒంటరిగా కూర్చోమన్నవారికి అంత హాయిగా గడవలేదు. ఏ ప్రయాణం హాయిగా గడుస్తుందో ముందుగా ఊహించి చెప్పమన్నప్పుడు మాత్రం మనుషులు దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్పారు. ఆ ఎదుటి బెంచీ మీద కూడా మీలాగే మొహమాటపడుతున్న తల్లి ఒకరైనా ఉండకపోరు.

ప్రశ్న: ఇక్కడ మా భాషవారు చాలామంది ఉన్నారు. వారాంతాల్లో వారితోనే గడుపుతాను. ఇంత దూరం వచ్చి మనవాళ్లతోనే తిరగడం తప్పని నా సహోద్యోగి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: తప్పేమీ లేదు. తడుముకోకుండా నోటికొచ్చిన మాట అనగలిగే చోటు వారానికి ఒక్కసారైనా ఉంటే మనసు సేదదీరుతుంది. ఆ బలంతో మిగతా ఆరు రోజుల్లో కొత్త మనుషులతో మాట కలపండి. వారాంతాలు మాత్రమే కాక వారం మొత్తం ఆ ఒక్క గుంపులోనే గడుస్తుంటే మాత్రం మీ సహోద్యోగి మాట కొంచెం చెవిన పెట్టండి.

ప్రశ్న: విద్యార్థిని. చేతిలో డబ్బు తక్కువ. ఎక్కడికి వెళ్లినా ఏదో ఒకటి కొనందే కూర్చోనివ్వరు. ఖర్చు లేకుండా నలుగురిని కలిసే చోట్లు ఏమున్నాయి?

జవాబు: ఇల్లు, పనిచోటు కాక మనుషులు ఊరికే వచ్చి కూర్చుని కబుర్లు చెప్పుకునే మూడో చోటు ప్రతి మనిషికీ కావాలని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వాదించారు. ప్రజా గ్రంథాలయం వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. చాలా ఊళ్లలో గ్రంథాలయాలే కొత్తగా వచ్చినవారి కోసం సంభాషణ బృందాలు నడుపుతాయి, అడిగి చూడండి.

మీ ఊళ్లో పార్క్‌రన్ అనే పరుగు కార్యక్రమం ఉందేమో కూడా చూడండి. లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న పాల్ సింటన్-హ్యూవిట్ 13 మంది పరుగుదారులతో దీన్ని మొదలుపెట్టారు. గాయం వల్ల తాను పరుగెత్తలేని స్థితిలో ఉన్నా, పరుగు స్నేహితులను వారం వారం కలుసుకోవడం మానకూడదన్న కోరికతో ఆయన పెట్టిన ఈ ఏర్పాటు ఇప్పుడు 20కి పైగా దేశాల్లో నడుస్తోంది. సాధారణంగా ప్రతి శనివారం ఉదయం 5 కిలోమీటర్లు, రుసుము లేదు. పరుగెత్తాలని నియమం కూడా లేదు, నడవవచ్చు. అందరికన్నా వెనక నడవడానికే ఒక కార్యకర్త ఉంటారు గనుక మీరు ఆఖరున మిగిలిపోతారన్న భయం అక్కరలేదు. నడక ఇష్టం లేకపోతే కార్యకర్తగా చేరి, వచ్చేవారికి దారి చూపుతూ నిలబడవచ్చు. నా దృష్టిలో కొత్తవారికి అదే ఇంకా మంచిది, ఎందుకంటే దాటి వెళ్లే ప్రతి మనిషీ మీకు ధన్యవాదాలు చెప్పి వెళ్తాడు. అలాగే ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మార్టినె పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కేఫేలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. పాడైన దీపమో, చిరిగిన కోటో పట్టుకెళ్తే తెలిసినవారు మీ పక్కన కూర్చుని బాగుచేయడం నేర్పిస్తారు. చేతిలో పని ఉన్నప్పుడు మాట దానంతటదే సాగుతుంది.

ప్రశ్న: చదువు కోసం వచ్చి పది నెలలైంది. మొదట్లో ట్రామ్ ఎక్కడం, వీధిలో వాద్యం వాయించేవాళ్లను వినడం, మంచు కురవడం చూడడం అన్నీ పండుగలా ఉండేవి. ఇప్పుడు అవే చిరాకు తెప్పిస్తున్నాయి. నేను మారిపోయానా?

జవాబు: మీకు మాత్రమే జరుగుతున్నది కాదు. 1955లో నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో చదివి వచ్చిన సుమారు 200 మంది నార్వే దేశస్థులతో మాట్లాడి, ఆరు నెలలలోపు ఉన్నవారికన్నా, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవారికన్నా, ఆ మధ్యకాలం ఉన్నవారే ఎక్కువ ఇబ్బందిపడ్డారని గమనించారు. ఇది అందరికీ వర్తించే సూత్రం కాదు. న్యూజీలాండ్‌కు వెళ్లిన జపాను విద్యార్థులను గమనించిన 1998 నాటి అధ్యయనంలో అడుగుపెట్టిన రోజులే అన్నిటికన్నా కష్టంగా గడిచినట్టు కనిపించింది. అయినా మీరున్న పదో నెల చాలామంది దాటివచ్చినదేనని తెలుసుకోవడం మంచిది.

ఈ చిరాకుకు కారణాన్ని మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్ 1954లో రియో డి జనీరోలో ఇచ్చిన ప్రసంగంలో చక్కగా చెప్పారు. ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎవరికి ఏమని బదులివ్వాలి, ఏ మాటను నిజంగా అన్నట్టు తీసుకోవాలి వంటి వందల చిన్న గుర్తులను మనం సొంత ఊళ్లో ఆలోచించకుండానే చదువుకుంటూ ఉంటాం. పరాయి చోట అవన్నీ ఒక్కసారిగా పోతాయి. కొత్తలో ఆ లోటును వింతలు కప్పేస్తాయి. వింత పాతబడ్డాక రోజూ ప్రతి చిన్న విషయాన్నీ ఆలోచించి చేయాల్సిన అలసట మిగులుతుంది. కాబట్టి ఇప్పుడు కొత్త వినోదాలు వెతుక్కోవడం కన్నా ఆలోచించనక్కరలేని పనులను పెంచుకోండి. ఒకే దారిన నడవండి, వారంలో ఒకే రోజున ఒకే ఈతకొలనుకో సంగీతం తరగతికో వెళ్లండి. వాద్యం వాయించే ఆ మనిషి పక్కనుంచి హడావుడిగా దాటిపోకుండా, వారానికి ఒక్కసారి ఆగి ఒక పాట పూర్తయ్యేదాకా విని, బాగుందని చెప్పి వెళ్లండి. నాలుగోసారి ఆయన మిమ్మల్ని చూసి తల పంకిస్తే, ఆ వీధి మీకు కొంత సొంతమవుతుంది. నిద్ర, తిండి కూడా తప్పిపోయి వారాల తరబడి మనసు కుంగి ఉంటే మాత్రం విశ్వవిద్యాలయంలోని సలహాదారును కలవడానికి వెనకాడవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఆర్నెల్లు ఉంటాను. కొడుకూ కోడలూ ప్రేమగానే చూసుకుంటారు గానీ పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. ఇక్కడి భాష నాకు రాదు. బయటికి వెళ్లి ఏం చేయాలి, ఎవరితో మాట్లాడాలి?

జవాబు: అమ్మా, మాట్లాడడానికి ముందు చూడడంతో మొదలుపెట్టండి. ఫ్రెడ్ బ్రయంట్, జోసెఫ్ వెరాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిని వారం పాటు రోజూ ఇరవై నిమిషాలు ఒంటరిగా నడవమని, నడుస్తూ కంటికి ఇంపైనవాటిని, చెవికి హాయిగా వినిపించినవాటిని ఏరి గమనించమని చెప్పారు. మరికొందరిని బాగోలేనివాటిని గమనించమన్నారు, ఇంకొందరిని ఊరికే నడవమన్నారు. వారం చివర మొదటి గుంపువారిలోనే సంతోషం ఎక్కువగా పెరిగింది. మీరు ఇంటికి దగ్గరలో ఒక చెట్టును ఎంచుకోండి. రోజూ దాని దగ్గర ఆగి, చిగురు పొట్టు విప్పిందా, ఆకు అంచు రంగు మారిందా, కొమ్మల్లో గూడు కనిపిస్తోందా అని చూడండి. ఆర్నెల్లంటే రుతువులు మారడం చూడడానికి సరిపడా కాలం. మీరు వెళ్లేనాటికి ఆ చెట్టు గురించి ఆ వీధిలో పుట్టి పెరిగినవారికన్నా మీకే ఎక్కువ తెలియవచ్చు. పక్షులంటే ఇష్టమైతే మీ అబ్బాయిని ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ పెట్టమనండి. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ తయారుచేసిన ఈ యాప్, కూత వినిపిస్తే అది ఏ పక్షిదో పేరూ బొమ్మా చూపిస్తుంది.

ఇక మనుషులు. రోజూ అదే వేళకు ఆ చెట్టు దగ్గర ఆగే పెద్దావిడను ఆ వీధివారు ఇట్టే గుర్తుపడతారు. ఎదురైనవారిని చూసి నవ్వండి. వారి భాషలో శుభోదయం, ధన్యవాదాలు, బాగుంది అనే మూడు మాటలు కోడలి దగ్గర నేర్చుకోండి. తోటపని చేసుకుంటున్నవారి ముందు ఆగి పువ్వు వైపు చూపించి "బాగుంది" అంటే, వారు నాలుగు మాటలు చెబుతారు. అవి అర్థం కాకపోయినా వినండి, వారూ మీకు అర్థం కావాలని పట్టుబట్టరు. ఇంటి చిరునామా, అబ్బాయి ఫోన్ నంబరు రాసిన కాగితం ఎప్పుడూ మీ దగ్గర ఉంచుకోండి. మీ అబ్బాయి ఈ జవాబు చదివితే ఒక మాట: మొదటి వారం సెలవు పెట్టుకునైనా అమ్మతో ఆ దారిలో కలిసి నడిచి, ఇరుగుపొరుగుకు ఆమెను పేరు చెప్పి పరిచయం చేయండి. తర్వాత ఆమె దారి ఆమె చూసుకుంటుంది.

ప్రశ్న: మూడేళ్ల తర్వాత వచ్చే నెలలో తిరిగి వెళ్లిపోతున్నాం. చూసిన పెద్ద పెద్ద చోట్ల ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. కానీ నాకు బెంగగా ఉన్నది ఇక్కడి మామూలు రోజుల మీద. వాటిని ఎలా దాచుకోవాలి?

జవాబు: మిగిలిన ఈ నెలలో రోజుకు పది వాక్యాలు రాయండి. టింగ్ జాంగ్, ఆమె సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనాల్లో, విద్యార్థులు ఆ రోజుల్లో జరిగిన సంభాషణలు, వింటున్న పాటలు వంటి మామూలు సంగతులు రాసి పెట్టి, మూడు నెలల తర్వాత చదువుకున్నారు. రాసేటప్పుడు ఇందులో తర్వాత చదవడానికి ఏముంటుందని తీసిపారేసినవారే, తిరిగి చదివేటప్పుడు తాము ఊహించినదానికన్నా ఎంతో ఆసక్తి చూపారు. ప్రత్యేకమైన రోజు ఎలాగూ గుర్తుంటుంది. మామూలు రోజే చెరిగిపోతుంది గనుక దాన్ని చదివినప్పుడు సంతోషం ఎక్కువ. ఫలానా చోటికి వెళ్లాం అని కాకుండా, ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే రాయండి. మెట్ల మీద ఎదురైన పొరుగింటాయన వాతావరణం గురించి ఏమన్నాడు, లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు ఎలాంటి చప్పుడు చేస్తుంది, సాయంత్రం మీ వంటింటి కిటికీలోంచి వెలుతురు ఏ గోడ మీద పడుతుంది, ఇలాంటివి ఏ ఫొటోలోనూ దొరకవు.

మరొకటి తప్పకుండా చేయండి. వెళ్లిపోతున్నామని స్నేహితులకు మాత్రమే కాక, తలూపి పలకరించిన ప్రతి మనిషికీ ముందుగా చెప్పండి: బస్సు డ్రైవరుకు, గ్రంథాలయం ఆవిడకు, మెట్లు శుభ్రం చేసే వ్యక్తికి. వారికి మీరు చెప్పకపోతే ఏమైందో తెలుసుకునే దారి లేదు; కొన్నాళ్లు మీ కోసం చూస్తారు. ఒక్కొక్కరి దగ్గరా రెండు నిమిషాలు ఆగి, ఇన్నాళ్లూ మీరు చేసిన ఫలానా పని నాకు ఎంతో సంతోషం కలిగించిందని, ఆ పని ఏమిటో స్పష్టంగా చెప్పండి. ఆఖరి రోజుకు వాయిదా వేయకండి, ఆ రోజు పెట్టెలు సర్దడంతోనే సరిపోతుంది. పైగా ఆ రోజు వారికి సెలవు కావచ్చు. రెండు వారాల ముందు నుంచే మొదలుపెడితే వారూ మీకు చెప్పాలనుకున్నది చెప్పడానికి వీలుంటుంది.